పాతది తీశారా

టైర్ల షాపు నుంచి,
ఆదివారం

బామ్మర్దీ,

ఎండలు ఇంకా తగ్గలేదు. రోడ్డు మీద తారు కరిగి చెప్పులకి అంటుకుంటోంది. ఈ వేడికి ట్యూబులు వాటంతట అవే పగులుతున్నాయి కాబట్టి పనికి లోటు లేదు. పొద్దున్నుంచి సైకిళ్ళే సైకిళ్ళు. మధ్యలో పాలవాడి బండి వచ్చింది. వాడి టైరంతా నీళ్ళలో ముంచి వెతికితే చివరికి ఒక ముల్లు. "దీనికోసమా నా పాలు విరిగిపోయాయి" అని నా మీద ఎగిరాడు. ముల్లు నేను పెట్టినట్టు.

ఫోనులో నా గొంతు వినబడటం లేదని విసుక్కున్నావు కదా, "బావా, బావిలోంచి మాట్లాడుతున్నావా" అని. జబ్బు గొంతుకి కూడా పాకిందని డాక్టరమ్మ చెప్పింది. పార్కిన్సన్స్ అంటే చెయ్యి వణకడమే అనుకున్నాను. గొంతు, నడక, రాత అన్నిటికీ వాటా ఉందట. రోజూ కాస్త రాయండి, చెయ్యి బిగుసుకుపోకుండా ఉంటుంది అంది. అందుకని నీకు ఈ శిక్ష. రాసేకొద్దీ నా అక్షరాలు చీమలైపోతాయి. నీ భూతద్దం బయటికి తీసుకో.

మాత్రలకి తోడు కొత్త మందు ఇచ్చింది. మింగేది కాదు. ఒంటికి అతికించుకునే పట్టీ, రోజుకొకటి. మందు చర్మంలోంచి లోపలికి పోతుందట. నర్సు ఏదో చెప్పింది, మీ అక్క తల ఊపింది, నేనూ ఊపాను. నా తల ఎలాగూ ఊగుతూనే ఉంటుందనుకో.

నేను అతికిస్తానంది మీ అక్క. నేను ఒప్పుకోలేదు. చొక్కా గుండీలు పెడుతోంది, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తోంది, ఇక ఇదీనా? నలభై ఏళ్ళుగా ఊళ్ళో వాళ్ళ ట్యూబులకి అతుకులేసినవాడిని. అతికించడం నాకు ఒకరు నేర్పాలా?

మొదట్లో చెమటకి అంచులు లేచిపోయేవి. నున్నటి రబ్బరు మీద ఏదీ నిలవదని మా పనిలో మొదటి రోజే చెప్తారు. గరుకు కాగితం తీసుకుని భుజం మీద చర్మం ఎర్రబడేదాకా రుద్దాను. అప్పుడు పెట్టాను పట్టీ. అంచుల చుట్టూ ట్యూబులకి పూసే మన బంక, సొల్యూషన్, సన్నగా ఒక గీత. స్నానం చేసినా కదల్లేదు. మీ అక్కకి చెప్పకు, అరుస్తుంది.

ఇవాళ ఒక సైకిలుకి వాల్వు మూత నేనే బిగించాను. చాలా రోజులైంది, నా వేళ్ళు నా మాట విని.

మీ బావ


వడ్రంగి పాక నుంచి,
శుక్రవారం

బావా,

ఇక్కడ దానికి పూర్తిగా ఎదురు. వారం నుంచి ముసురు. చెక్క నీళ్ళు తాగి ఉబ్బిపోయింది, ఊళ్ళో ఒక్క తలుపూ సరిగా పడటం లేదు. ఒకావిడ వచ్చి "నువ్వు చేసిన తలుపు ఎవరి మాటా వినదేం?" అని అడిగింది. "మీ ఇంట్లో పెరిగింది కదమ్మా" అన్నాను. ఇక ఆవిడ పని రాదు.

వాల్వు మూత సంగతి చదివి సంతోషించాను. గరుకు కాగితం సంగతి చదివి కాదు. ఒంటి తోలు రుద్దుకుంటావా? నువ్వు మనిషివా, లారీ ట్యూబువా? నేనూ పొద్దస్తమానం రుద్దుతాను, కానీ చెక్క అరవదు. మందు పెట్టెలో మడిచిన కాగితం ఉంటుంది, అందులో ఏం రాశారో ఎవరిచేతనైనా చదివించుకో.

ఇంకోటి. మా పనిలో పాత బంక గీకి పారేస్తేగాని కొత్త బంక పట్టదు. నువ్వు పాత పట్టీ తీసేస్తున్నావా? ఫోనులో అక్కని అడిగితే, "రోజూ అడుగుతూనే ఉన్నాను, తీశానంటున్నారు" అంది. సరే మరి.

నీ అక్షరాలు చీమలు కాదు బావా, చీమ గుడ్లు.

నీ బావమరిది


టైర్ల షాపు నుంచి,
మంగళవారం

బామ్మర్దీ,

గాలి మారింది గానీ వేడి తగ్గలేదు. పక్కన టీ కొట్టువాడు గొడుగు వేశాడు, నేను టైర్లు ఎండలోంచి లోపలికి జరిపాను. అంతకు మించి పని కాలేదు.

మీ పని వేరు, మా పని వేరు. ట్యూబు మీద ఒకసారి అతుకు పడ్డాక దాన్ని లాగితే కింద రబ్బరు కూడా ఊడొస్తుంది. తీయం. గాలి ఇంకా పోతుంటే పక్కన ఇంకోటి వేస్తాం. పట్టీ తీస్తే చర్మం మండుతోంది. పైగా ఒక్క రోజుకే అందులో మందంతా అయిపోతుందా? అంత మందు పారేయడానికి నాకు చేతులు రావు. వాటంతట అవి ఊడినప్పుడు ఊడతాయి. మీ అక్క పొద్దున్నే గుమ్మం దగ్గర నిలబడి "పాతది తీశారా?" అంటుంది. తీశానంటాను. నడుముకి పక్కన, తుంటి మీద ఉన్నవి చొక్కా కింద ఎవరికి కనబడతాయి?

నీకు చెప్పాను కదా అని మోసుకెళ్ళకు. మగవాళ్ళ మాట మగవాళ్ళ మధ్య ఉండాలి.

ఒకటే ఇబ్బంది. నిద్ర. నిన్న చక్రం చేతిలో పట్టుకుని అలాగే నిద్రపోయాను. టీ కొట్టువాడు నా చెవి దగ్గర గ్లాసు మోగించి లేపాడు. లేచి నిలబడితే నేల కాస్త పక్కకి జరుగుతోంది. అతుకు వేడిగా నొక్కే మిషను పక్కన, గోడకి వీపు ఆనించి కూర్చుంటే హాయిగా ఉంటోంది.

మీ బావ


ఇంటి నుంచి

బామ్మర్దీ,

నువ్వు జవాబు రాయలేదు. పని ఉంటుంది.

మా ఇంటికి ఒక మనిషి వస్తున్నాడు. తెల్ల చొక్కా. మీ అక్క కుట్టుమిషను పక్కన బల్ల మీద కూర్చుంటాడు. నేను లోపలికి వచ్చినా లేవడు. నా వైపు చూడడు. ఎవడతను అని అడిగితే మీ అక్క "ఎవరూ లేరండీ" అంటుంది, వాడు అక్కడ కూర్చుని ఉండగానే.

కొలతలు ఇవ్వడానికి వచ్చేవాళ్ళు ఎలా ఉంటారో నాకు తెలుసు. వీడు కొలతల కోసం రాలేదు.

నేను అడిగితే చెప్పడం లేదు. నువ్వు తోడబుట్టినవాడివి. నువ్వు అడుగు.


వడ్రంగి పాక నుంచి,
గురువారం

బావగారికి,

వాన వెలిసింది. మంచం కోళ్ళు చెక్కుతున్నాను. ఈ ఉత్తరం పని ఆపి రాస్తున్నాను.

మా అక్క నిన్న సాయంత్రం వచ్చింది. ఒక బట్టల మూట, చేతి కుట్టుమిషను. బస్సు దిగి మిషను తనే మోసుకుంటూ వచ్చింది. ఏమైందని అడిగితే ఏమీ లేదంది. మీ షాపులో ఎప్పుడూ టైర్లు మార్చుకునే లారీ డ్రైవరు ఇవాళ కలప దించడానికి ఇటు వచ్చాడు. అతను చెప్పాడు. మా అక్క మీకు టీ తెచ్చి ఇస్తే, నలుగురూ ఉండగా ఆ గ్లాసు విసిరి, ఇంట్లో మగవాణ్ణి పెట్టుకున్నావని అన్నారట. అంతటితో ఆగకుండా ఇంకో మాట కూడా అన్నారట. ఆ మాట అతను నాకు చెప్పలేదు. లారీ డ్రైవరు నోటికే రాని మాట మీ నోటికి వచ్చింది.

ఫోనులో నాకు వినబడని గొంతు ఆ రోజు వీధికంతా వినబడిందట.

ఆమె తింటోంది. కుడుతోంది. మాట్లాడటం లేదు. మీరు ఆమెకి ఉత్తరం రాయవద్దు.

ఒకటి మాత్రం చెప్పమంది. మందు పట్టీలు బీరువాలో రెండో అరలో, దుప్పట్ల కింద ఉన్నాయట. మానేయవద్దట, ఒక్కసారిగా మానేస్తే ప్రమాదమని నర్సు చెప్పిందట. ఇంకా, పాతది తీయమని చెప్పమంది.

ఇట్లు


ఆసుపత్రి వార్డు నుంచి,
సోమవారం

బామ్మర్దీ,

ఇక్కడ కిటికీ దగ్గర మంచం ఇచ్చారు. బయట మబ్బుగా ఉంది. నాకు పని లేదు. అటెండరు నేల తుడుస్తుంటే చూస్తున్నాను. మూలలు వదిలేస్తున్నాడు.

షాపులో పడిపోయాను. లేవబోయాను, కళ్ళు తిరిగాయి, అంతే. టీ కొట్టువాడూ, లారీ అతనూ కలిసి తీసుకొచ్చారు. నర్సు చొక్కా విప్పి, "ఏమిటి పెద్దాయనా ఇవన్నీ?" అంది. ఇంకో నర్సుని పిలిచింది. ఆ నర్సు డాక్టరమ్మని పిలిచింది. ముగ్గురు ఆడవాళ్ళు నిలబడి నా ఒంటి మీద పట్టీలు చూస్తుంటే నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. నా సొల్యూషన్ గట్టిది. నూనె రాసి నానబెట్టి తీశారు. ఒక్కటి మాత్రం ఉంచారు.

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. కొత్తది పెట్టేముందు పాతది తీసెయ్యాలట, రోజు గడిచినా దానిలో మందు మిగిలే ఉంటుందట, వదిలేస్తే అన్నీ కలిసి లోపలికి పోతూనే ఉంటాయట. చర్మం రుద్ది గీరితే గేటు తీసినట్టేనట. వేడి తగిలితే ఇంకా ఎక్కువ లాగుతుందట. నేను వీపు కాచుకున్నది ఆ మిషను పక్కనే కదా. నిద్ర, కళ్ళు తిరగడం, లేని మనుషులు కనబడటం, అన్నీ ఆ ఎక్కువ మందువల్లేనట. "ఎవరైనా కనిపించారా?" అని తనే అడిగింది. తెల్ల చొక్కా అని చెప్పాను. "చాలామందికి కనిపిస్తారు. మొదటి రోజే నాకు చెప్పాల్సింది" అంది.

ఇప్పుడు ఎవరూ కనబడటం లేదు.

కాబట్టి చూశావా, అది నేను అన్న మాట కాదు. మందు అనిపించిన మాట. డాక్టరమ్మే చెప్పింది. కావాలంటే రాసి ఇస్తానంది. ఈ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించు. తను అర్థం చేసుకుంటుంది.

మీ బావ


వడ్రంగి పాక నుంచి,
శనివారం

బావా,

మళ్ళీ ముసురు పట్టింది. బయట పని లేదు, లోపల కిటికీ రెక్కలకి చిత్రిక పడుతున్నాను. నీ ఉత్తరం వచ్చి మూడు పూటలైంది. రాయడానికి ధైర్యం చాల్లేదు.

చదివి వినిపించాను. పడిపోయావన్న చోట మిషను ఆపింది. దెబ్బ తగిలిందా అని అడిగింది. లేనట్టుంది అన్నాను. పట్టీల దగ్గర "రోజూ అడిగాను" అంది. "గుమ్మంలో నిలబడి రోజూ అడిగాను. తీశానన్నారు. అబద్ధమాడింది ఆయన, ఎవరూ లేరన్నందుకు అబద్ధాలకోరువని అన్నది నన్ను."

మందు అనిపించిన మాట అన్న చోట కుడుతున్న గుడ్డ మడిచి పక్కన పెట్టింది. తర్వాత ఇలా అంది, తన మాటల్లోనే రాస్తున్నాను: "మనిషిని మందు చూపించింది, ఒప్పుకుంటాను. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో అడుగు. ఆ మాట కూడా పట్టీలో పెట్టి అమ్ముతారా?"

దీనికి జవాబు నీ దగ్గర ఉందేమో చూసుకో.

ఇప్పుడు నా సంగతి. నీకు మీరు, గారు అని రాశాను చూడు, ఆ కోపంలో సగం నా మీదే. పట్టీలు తీయడం లేదని నువ్వు నాకు రాశావు. అక్కకి చెప్పొద్దన్నావు. చెప్పలేదు. బావ మాట కాదనడమెందుకని కాదు, పని తొందరలో పడి, నవ్వుకుని, పక్కన పెట్టేశాను. ఒక్క మాట అక్క చెవిన వేసి ఉంటే ఆమె ఆ రోజే చొక్కా విప్పించి చూసేది.

అది ఒకటి. రెండోది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అక్క వచ్చిన రోజు తనకి అన్నం పెడుతూ అడిగాను. నువ్వు అడగమన్నావు కదా. "నిజంగా ఎవరూ రాలేదు కదా అక్కా?" అని అడిగాను. నా చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని బడికి తీసుకెళ్ళిన మనిషిని. నాకు ఏ మందూ లేదు బావా. నా ఒంటి మీద ఏ పట్టీ లేదు.

ఆమె విస్తరి ముందునుంచి లేవలేదు. ఏడవలేదు. "నువ్వు కూడానా?" అంది, అంతే. అప్పట్నుంచే మాట్లాడటం మానేసింది. నీవల్లే అన్నట్టు నీకు రాశాను. నావల్ల.

నీ బావమరిది


టైర్ల షాపు నుంచి,
బుధవారం

బామ్మర్దీ,

ఎండ పలచబడింది. షాపు తెరిచాను. దుమ్ము దులిపి, ఎండిపోయిన సొల్యూషన్ డబ్బాలు పారేశాను. ఒక సైకిలుకి గాలి కొట్టాను. ఇంకో సైకిలు అతను నా చెయ్యి చూసి, మళ్ళీ వస్తానని వెళ్ళాడు.

మీ అక్క అడిగినదానికి జవాబు రాస్తున్నాను. కాగితాలు రెండు మూడు చింపాను.

ట్యూబులో లేని గాలి బయటికి రాదు. ఇది నాకు తెలిసిన పని. ఆ మాట నాలో ఉంది. మందు వాల్వు పిన్ను నొక్కింది, అంతే. ఎప్పుడు పోగైందో కూడా చెప్పగలను. మీ అక్క మగవాళ్ళ చొక్కాలు కుట్టడం మొదలుపెట్టినప్పుడు. టేపు పట్టుకుని భుజాలు కొలిచేది, నేను ఇంటి ముందున్న షాపులోంచి చూసేవాణ్ణి. ఏమీ అనేవాణ్ణి కాదు. అనకపోవడం మంచితనమని అనుకున్నాను. తర్వాత నా చేతులు పోయాయి, తన చేతులు ఇంటిని నడిపాయి, నా గుండీలు పెట్టాయి. అప్పుడు ఇంకా పోగైంది. తను ఏ తప్పూ చేయలేదని నాకు ఏ రోజూ అనుమానం లేదు. అయినా పోగైంది. ఇంతకంటే చెప్పడం నాకు రాదు.

ఆ మాట అన్న చోటే వెనక్కి తీసుకోవాలని నిన్న షాపు ముందు నిలబడ్డాను. టీ కొట్టువాడు, పాలవాడు, లారీ అతను, పక్కింటి టీచరమ్మ, ఆ రోజు ఉన్నవాళ్ళందరినీ రమ్మన్నాను. "నా భార్య మీద నేను అన్నది అబద్ధం" అన్నాను. ఎవరికీ వినబడలేదు.

"ఏమిటీ?" అన్నాడు పాలవాడు.

మళ్ళీ చెప్పాను.

"టైరు అబద్ధమా?" అన్నాడు టీ కొట్టువాడు. "గట్టిగా చెప్పు పెద్దాయనా, బస్సు పోతోంది."

బస్సు పోయేదాకా ఆగాను. తిట్టిన రోజు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ గొంతు, ఇప్పుడు రమ్మంటే రాలేదు. మూడోసారికి లారీ అతను నా నోటి దగ్గర చెవి పెట్టి విన్నాడు. విని, వెనక్కి తిరిగి, లారీ హారను లాంటి గొంతుతో, "వాళ్ళావిడ తప్పేమీ లేదంట! తప్పంతా ఈయనదేనంట! నోరు జారిందంట!" అని అరిచాడు. నేను అతని చొక్కా పట్టుకుని లాగాను. జారలేదు, అన్నాను అని చెప్పు అన్నాను. "జారలేదంట! తెలిసే అన్నాడంట!" అని మళ్ళీ అరిచాడు. పై అంతస్తుల్లో కిటికీలు తెరుచుకున్నాయి. టీచరమ్మ నేల చూస్తూ నిలబడింది. ఎవరూ నవ్వలేదు. పాలవాడు ఒక్కడు, "ఇదెందుకు ఇంత గట్టిగా" అని గొణిగాడు. ఆ రోజు అంత గట్టిగానే అన్నాను కదా.

చెప్పాక షాపు మూయాలని చూస్తే తాళం చెవి రంధ్రంలో దూరలేదు. టీ కొట్టువాడు వేశాడు.

పట్టీ సంగతి. ఇప్పుడు నేనే పెట్టుకుంటున్నాను, సరిగా. పొద్దున ఒకే వేళకి. ముందు పాతది తీసి, జిగురు లోపలికి పోయేలా మడిచి, ఎవరికీ అందని డబ్బాలో వేస్తాను. చేతులు కడుక్కుని, పుండూ రాపిడీ లేని పొడి చోటు చూసి, కొత్తది పెట్టి అరచేత్తో నొక్కి ఉంచుతాను. చోటు రోజూ మారుస్తాను. పొట్ట, తొడ, భుజం, నా చెయ్యి అందే చోట్లు చాలా ఉన్నాయి. రుద్దడం లేదు. మిషను పక్కన కూర్చోవడం లేదు. వాల్వు మూత బిగించలేకపోతున్నాను. ఒక్క పట్టీతో ఎంత అయితే అంతే.

ఇది ఎందుకు రాశానంటే, ఆయనకి ఎవరు పెడతారో అని మీ అక్క రావద్దు. ఆ పని కోసం అక్కర్లేదు. రమ్మని అడిగే ముఖం నాకు లేదు. ఊరికే తెలియాలని రాశాను.

నువ్వు అడిగిన ప్రశ్న నేను అడగమన్నదే. అందులో సగం నా ఖాతాలో వేసుకో.

మీ బావ


వడ్రంగి పాక నుంచి,
ఆదివారం

బావా,

ముసురు పోయింది. చెక్క ఆరుతోంది, తలుపులు వాటంతట అవే సర్దుకుంటున్నాయి. తలుపు పడటం లేదని నన్ను తిట్టినావిడ నిన్న వచ్చి, "పడుతోందయ్యా ఇప్పుడు" అని చెప్పి వెళ్ళింది. నేను ఏమీ చేయలేదు.

నీ ఉత్తరం అక్కకి చదివాను. మిషను తిప్పుతూ వింది. షాపు ముందు నిలబడ్డ చోటికి వచ్చేసరికి, "వినబడలేదు, మళ్ళీ చదువు" అంది. చదివాను. "మిషను చప్పుడు" అంది. చక్రం మీద చెయ్యి పెట్టి ఆపి, మళ్ళీ చదవమంది. మూడోసారి నేను లారీ అతని మాటలు గట్టిగానే చదివాను. మా పాక పక్కన ఇటుకలు మోసేవాళ్ళు ఇటు తిరిగి చూశారు. అక్క వాళ్ళని చూసి కూడా నన్ను ఆపలేదు.

గాలి పోగైందన్న చోటు మళ్ళీ చదవమనలేదు. "అది నాకు తెలుసు" అంది.

ఆ రాత్రి అన్నం దగ్గర నేను నా తప్పు ఒప్పుకున్నాను. రెండు ముక్కల్లో. నాకు అరిచి చెప్పిపెట్టే లారీ డ్రైవరు లేడు కదా. కూర గిన్నె నా వైపు జరిపింది. క్షమించిందనుకోవాలో, తినమందనుకోవాలో తెలియదు. తిన్నాను.

నిన్న కుట్టుమిషను విప్పి తుడిచింది, నూనె వేసింది, గుడ్డ కప్పి నా పనిముట్ల బల్ల పక్కన పెట్టింది. బట్టల మూట కట్టుకుంది. మిషను ఎందుకు ఇక్కడ ఉంచుతున్నావని నేను అడగలేదు. ఒకసారి అడిగిన నోరు చాలు. నువ్వు కూడా అడగకు.

అక్క ఇవాళ పొద్దున మొదటి బస్సుకి మీ ఊరు బయలుదేరింది.

నీ బావమరిది